దొర సుట్ట

మా నానమ్మ అడ్డపొగ కాల్చేది. మా వైపు వాళ్ళకి ఈ ఒక్క మాట చాలు. గోదావరికి ఆవల ఉన్నవాళ్ళ కోసం కాస్త విప్పి చెప్పాలి. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసేసుకుంటారు. బయటికి కనిపించేది ఆరిన కొస మాత్రమే. చూసేవాళ్ళకి పుల్లముక్క ఏదో కొరుకుతున్నట్టుంటుంది. కాసేపటికి ముక్కులోంచి పొగ వస్తే గానీ సంగతి తెలీదు. గాలికి ఆరదు, చినుకుకి తడవదు, చంకలో పిల్లాడి మీద నుసి రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీ. శ్రీకాకుళం నుంచి గంజాం దాకా ఆడవాళ్ళు తరతరాలుగా ఇలాగే కాల్చారు. నాకు ఊహ తెలిసేనాటికి మా వీధిలో నలుగురు ముసలమ్మలు సాయంత్రం అరుగెక్కి నోళ్ళు మూసుకుని కూర్చునేవారు. ధ్యానం చేస్తున్నారనుకునేదాన్ని.

ఆ నానమ్మ కథల్లో ఒకటి దొర సుట్ట కథ. పెళ్ళయిన కొత్తలో ఆవిడ పర్లాకిమిడిలో ఒక ప్లీడరు గారింట్లో వడ్లు దంచేది. ఆయన కేసు గెలిచిన రోజున కోటు కూడా విప్పకుండా వాలుకుర్చీలో కూర్చుని, చెక్కపెట్టెలోంచి లావుపాటి సీమ చుట్ట తీసి వెలిగించేవారట. ఓడిన రోజున పెట్టె ముట్టుకునేవారు కాదట. ఒకసారి సగం కాల్చి వదిలేసిన ముక్క, వసారా ఊడుస్తుంటే నానమ్మ చేతికి దొరికింది. రొంటిన దోపుకొచ్చి, రాత్రి పొయ్యిలో నిప్పు అంటించి, తన పద్ధతిలో తిరగేసి నోట్లో పెట్టుకుంది. "సప్పగుంది గుంటా. వాసన మాత్రం ఎంత బాగుందనుకున్నావు, గుడిలాగున్నాది" అని చెప్పేది. నేను పదో తరగతి పాసయినప్పుడు "నువ్వు ప్లీడరీ సదివీ. మనిద్దరం కూకుని దొర సుట్ట కాలుద్దాం" అంది. నేను చదివింది బీకాం. ఆవిడ 1998లో పోయింది.

మా నాన్న సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట చింతచెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరి. మా పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది. ఆ రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంతకుముందు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి మా ఊరి పాత కాగితాలు బోలెడు తెలుగులో ఉంటాయి, అదీ గొలుసుకట్టు రాతలో. కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరానికి తగిలించుకుంటూ పోయే ఆ రాత ఈ తరంలో చదవగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. నాన్న చదివేవారు. చుట్టూ అన్నదమ్ములు, అప్పచెల్లెళ్ళు, దాయాదులు గొంతుక్కూర్చుంటే మధ్యలో నాన్న పైకి చదివి వినిపించేవారు: తూర్పున ఫలానా వారి కళ్ళం, పడమట గెడ్డ, ఉత్తరాన తాటిచెట్టు. తాటిచెట్టు దగ్గరికొచ్చేసరికి కొట్లాట మొదలయ్యేది. నేను పక్కనే కూర్చుని నేర్చుకున్నాను. నాన్నకి చూపు తగ్గాక కాగితాలు నా దగ్గరికి రావడం మొదలయింది. వకీళ్ళే గుమాస్తాలతో పంపేవారు. చదివి పెడితే యాభై, వంద ఇచ్చేవారు. ఆ చదివినదాన్ని పట్టుకుని కోర్టులో మాట్లాడేది వాళ్ళు, ఫీజు వాళ్ళది. పదేళ్ళు ఊరుకున్నాను. నలభై రెండో ఏట బరంపురంలో పిన్ని ఇంట్లో ఉండి మూడేళ్ళ లా కోర్సులో చేరాను. మావారు బడిపంతులు. రెండు కూరలు, ఒక చారు నేర్చుకుని ఆ మూడేళ్ళూ గడిపేశారు. లా చదివాక కోర్టులో వాదించాలంటే రాయాల్సిన బార్ పరీక్ష తెలుగులోనూ రాయచ్చు, ఒడియాలోనూ రాయచ్చు. నేను ఇంగ్లీషులో రాశాను. ఎందుకంటే ఏమో, పట్టుదల అనుకోండి. 100 ప్రశ్నలు. మొదటిసారి పోయింది, రెండోసారి గట్టెక్కాను.

పోయిన సెప్టెంబరులో సర్టిఫికెట్ చేతికొచ్చింది. నాకు నలభై ఏడు. మావారు కాజాలు తెచ్చి వీధంతా పంచారు. రాత్రి పడుకోబోతూ "ఏం కావాలి నీకు? చీర తీసుకో" అన్నారు. బరంపురం పట్టుచీర ఆయన మనసులో ఉంది. "దొర చుట్ట కావాలి" అన్నాను. కాసేపు చీకట్లో ఏమీ వినపడలేదు. తర్వాత, "ఇంట్లో కాదు" అన్నారు. ఆయనకి అంతే అభ్యంతరం.

పర్లాకిమిడిలో సిగార్ దొరకదని తెలుసు. అయినా ఇలాంటి మాట దాగదు కదా. వారం తిరక్కుండా, గల్ఫ్ నుంచి వచ్చిన ఒకాయన మా గుమ్మంలో ఉన్నాడు. సంచీలోంచి పసుపూ నలుపూ పెట్టె తీశాడు. పైన కోహిబా అని రాసి ఉంది. మూత అద్దానిది, లోపల పాతిక సిగార్లు మెరుస్తున్నాయి. "మేడమ్, బయట లక్ష ఉంటది. మీరు కాబట్టి పన్నెండు వేలు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, చేయి ముందుకెళ్ళింది. కోహిబా అంటే 1966లో క్యూబా నేత ఫిడెల్ క్యాస్ట్రో కోసమని చుట్టడం మొదలెట్టిన సరుకు, బయటివాళ్ళకి అమ్మింది చాలా ఏళ్ళ తర్వాత. అంతవరకు నేను చదివి ఉన్నాను.

కానీ పెట్టె చేతిలోకి తీసుకోగానే నాకు తెలియకుండానే తిరగేశాను. నాన్న అలవాటు అది. ఎవరు ఏ కాగితం తెచ్చినా ముందు వెనక్కి తిప్పేవారు. "ముందువైపు అబద్ధం రాసేవాడు కూడా వెనకవైపు బద్ధకిస్తాడమ్మా" అనేవారు. ఈ పెట్టె అడుగున ఏమీ లేదు. నున్నటి చెక్క. అసలు క్యూబా పెట్టెకైతే అడుగున కాల్చి వేసిన ముద్ర ఉంటుంది: హబానోస్ ఎస్.ఏ., హెచో ఎన్ క్యూబా, తోతాల్మెంతే ఆ మానో. అంటే క్యూబాలో తయారు, పూర్తిగా చేత్తో. దాని పక్కన ఏ ఫ్యాక్టరీయో చెప్పే గుర్తు, పెట్టెకెత్తిన నెల, సంవత్సరం. నెల పేరు మూడక్షరాల స్పానిషులో ఉంటుంది, జనవరికి ఎనె, ఆగస్టుకి ఆగో, అలా. పెట్టె అంచున ఆకుపచ్చ ప్రభుత్వ ముద్ర అంటిస్తారు, 1912 నాటి చట్టం ప్రకారం. ఇప్పటి వాటికి బార్ కోడు, హోలోగ్రామ్ కూడా. వీటన్నిటికన్నా ముఖ్యమైన మాట: కోహిబా వాళ్ళు అద్దం మూత పెట్టెలు చేయరు. అద్దం మూత ఉందంటే ఇంక లోపల చూడక్కర్లేదు.

ఆయనకి అదే చెప్పాను. "మీరు కొన్నదెంతకో గానీ, ఎవరికీ అమ్మకండి. మీ మీదకొస్తుంది" అన్నాను. "లాయరయ్యావు కదా, ఇంక అన్నీ ఇలాగే కనిపిస్తాయి" అని పెట్టె మూసుకుని వెళ్ళిపోయాడు. పాపం ఆయన కూడా మోసపోయినవాడే, ఆ కోపమంతా నా మీద. నా మొదటి ఉచిత న్యాయసలహా అది.

దసరా సెలవులకి హైదరాబాదులో మా అన్నయ్య కొడుకింటికి వెళ్ళాం. వాడు సాఫ్ట్‌వేరు. నా కోరిక విని నవ్వలేదు. అందుకే వాడంటే నాకిష్టం. పెద్ద హోటల్ కింద ఒక కొట్టుకి తీసుకెళ్ళాడు. లోపల గాజుగది, గదిలో ఏసీ, అరల నిండా పెట్టెలు. తలుపు తీయగానే వాసన వచ్చింది. నానమ్మ చెప్పిన గుడి వాసన. అది పొగాకుది మాత్రమే కాదు, అరలకి వేసే సీడర్ చెక్కది కూడా అని తర్వాత తెలిసింది.

అమ్మే కుర్రాడు నీటుగా ఉన్నాడు. "చెప్పండి సర్" అన్నాడు మావాడితో. "అత్తకి" అన్నాడు మావాడు. "మీ మామగారికా? ఎలాంటివి తీసుకుంటారు మామూలుగా?" అని నన్నడిగాడు. "మామగారికి కాదు బాబూ, నాకే" అన్నాను. ఒక్క క్షణం ఆగాడు. మంచి కుర్రాడే, వెంటనే సర్దుకుని "కంగ్రాచులేషన్స్ మేడమ్, అకేషన్ ఏంటి?" అన్నాడు. ఇంట్లో చెబితే కాజాలు, ఇక్కడ చెబితే కోహిబా. చెప్పగానే చేయి పై అర మీదకి పోయింది.

"అది వద్దు. ముందు కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాను. నాన్నే మాట్లాడినట్టుంది నాకు.

కుర్రాడికి పని తెలుసు. ఓపిగ్గా చెప్పాడు. సిగార్‌లో మూడు పొరలు. లోపల మడిచి పెట్టే ఆకులు, వాటిని బిగించి పట్టే ఆకు, పైన కనిపించే నున్నటి ఆకు. లోపలి ఆకుల్లో మళ్ళీ రకాలు. మొక్క పైభాగాన ఎండంతా తాగి మందంగా పెరిగినది లిజెరో, ఘాటుకి. నడిమిది సెకో, వాసనకి. అడుగుది వొలాడో, సరిగ్గా మండటానికి. నాకు నవ్వొచ్చింది. నానమ్మ సంతలో పొగాకు కొనేటప్పుడు కట్ట విప్పి పైఆకు, అడుగాకు వేరు చేసి వాసన చూసి "ఇదంతా అడుగాకు ఎట్టీసినాడు, బూడిద తప్ప ఏటీ నేదు" అని బేరం తెంపేది. పేర్లు స్పానిషులో లేవు, అంతే తేడా.

తర్వాత లావూ పొడుగూ. లావుని రింగ్ గేజ్ అంటారు. అంగుళాన్ని అరవై నాలుగు భాగాలు చేసి లెక్క. 50 గేజ్ అంటే అంగుళంలో 64కి 50 వంతులు. ఐదంగుళాల పొడవు, 50 లావు ఉన్నది రొబుస్తో, ముప్పావుగంటో గంటో పడుతుంది. ఏడంగుళాల చర్చిల్ అయితే గంటన్నర ఎక్కడికీ కదలకూడదు. ఆ మాట వినగానే చర్చిల్ కొట్టేశాను. మా ఇంట్లో గంటన్నర ఎవరూ నన్ను కూర్చోనివ్వరు. కుక్కరు కూయాలి, ఎవరో ఒకరు "అమ్మా, కాగితం చూస్తారా" అని రావాలి.

పైఆకు రంగు సంగతి కూడా అడిగాను. గోధుమరంగు లేతది కనెక్టికట్ రకం, గుడ్డపందిళ్ళ నీడలో పెంచుతారు, మెత్తగా ఉంటుంది. నల్లటిది మదూరో, ఎక్కువకాలం మాగబెడతారు, అందుకని కాస్త తీపి. నల్లగా ఉంటే ఘాటెక్కువ అనుకునేదాన్ని. రంగు చూసి ఘాటు చెప్పలేమట. మనుషుల విషయంలో ఈపాటికే తెలిసి ఉండాల్సింది.

చివరికి రెండు పెట్టెల మధ్య ఆగాను. ఒకటి రొబుస్తో, మంచి బరువైనది, ఉంగరం కాగితం తళతళలాడుతోంది. రెండోది మోంటెక్రిస్టో నంబరు 4. చిన్నది, 129 మిల్లీమీటర్ల పొడవు, 42 గేజ్. ఉంగరం కూడా గోధుమరంగు కాగితం, సాదాగా ఉంది. కుర్రాడు రొబుస్తో వైపు మొగ్గాడు. సెలబ్రేషన్‌కి పెద్దదే బాగుంటుందని వాడి మాట. మావాడు ఫొటోకి కూడా అదే బాగుంటుందన్నాడు.

నేను చిన్నదాన్ని ఎందుకు పట్టుకున్నానో చెబుతాను. ఈ టపా రాయడానికి అసలు కారణం అదే.

క్యూబాలో సిగార్లు చుట్టే ఫ్యాక్టరీల్లో ఒక పద్ధతి ఉంది. వందలమంది బల్లల ముందు తలవంచుకుని చుడుతుంటారు. ఒక మనిషి ఎత్తుపీట మీద కూర్చుని వాళ్ళకి పైకి చదువుతాడు. పొద్దున్న పేపరు, తర్వాత నవల. లెక్టర్ అంటారు. 1865లో హవానాలో ఎల్ ఫిగరో అనే ఫ్యాక్టరీలో మొదలయింది. చదివేవాడికి జీతం యజమాని ఇచ్చేవాడు కాదు, చుట్టేవాళ్ళే తలా కొంత వేసుకుని ఇచ్చేవాళ్ళు. ఏం చదవాలో కూడా వాళ్ళదే నిర్ణయం. మరుసటి ఏడే స్పెయిన్ ప్రభుత్వం దీన్ని నిషేధించింది, పనివాళ్ళకి లేనిపోని ఆలోచనలు వస్తాయని. నిషేధం నిలవలేదు. చదువు మళ్ళీ మొదలయింది, ఈ రోజుకీ ఉంది. ఆ పనివాళ్ళు పదేపదే చదివించుకున్న ఫ్రెంచి నవల ఒకటుంది. చేయని నేరానికి జైల్లో పడ్డవాడి కథ. 1935లో కొత్త సిగార్‌కి పేరు పెట్టాల్సి వస్తే ఆ నవల పేరే పెట్టారు. మోంటెక్రిస్టో.

చింతచెట్టు కింద చుట్టూ గొంతుక్కూర్చున్న జనం, మధ్యలో పైకి చదువుతున్న నాన్న. నాన్నకి కూడా సర్కారు జీతం లేదు. విన్నవాళ్ళు తలా రెండు రూపాయలు పెట్టేవాళ్ళు. ఇంక రొబుస్తో ఎందుకు?

"దీని పెట్టె చూపించు బాబూ" అన్నాను. కుర్రాడు పెట్టె ఇచ్చాడు. తిరగేశాను. ముద్ర ఉంది. నెల ఆగో. ఆకుపచ్చ ముద్ర అంచులు వేలితో తడిమాను, నాన్న స్టాంపు కాగితం తడిమినట్టు. "మేడమ్ కలెక్టరా?" అని మావాణ్ణి గుసగుసగా అడిగాడు. సిగార్లు కూడబెట్టేవాళ్ళని కలెక్టరంటారట. మావారు ఆ మాట విని, ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్ళకి "మా ఆవిణ్ణి హైదరాబాదులో కలెక్టరనుకున్నారు" అని చెబుతున్నారు. ఏ కలెక్టరో చెప్పరు.

రెండు మోంటెక్రిస్టోలు తీసుకున్నాను. ఒక్కోటీ రూ.2,400. అలవాటు లేనిదాన్ని కాబట్టి, సాధన కోసం కనెక్టికట్ ఆకు చుట్టిన డొమినికన్ సిగార్ ఒకటి, దానికి రూ.700. బిల్లు మావారికి చూపించలేదు. బ్యాగులోంచి ఆయనే తీసి చూసుకున్నారు.

ఇంటికి తెచ్చాక తెలిసింది, కొనడం తేలికని. సిగార్‌కి తేమ నూటికి 65, 70 మధ్య ఉండాలి. తక్కువైతే ఎండి పైఆకు పగులుతుంది, ఎక్కువైతే బూజు. మహేంద్రతనయ ఒడ్డున అక్టోబరులో గోడలే చెమర్చి ఉంటాయి. నానమ్మ చుట్టల్ని రేకుడబ్బాలో, అరటాకు ముక్కతో పెట్టేది. నేను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, కొట్లో ఇచ్చిన బోవెడా పొట్లం వేసి పెట్టాను. 69 అని రాసుంటుంది, తేమ ఎక్కువైతే పీల్చుకుంటుంది, తక్కువైతే వదులుతుంది. వేడి కూడా ఎక్కువుండకూడదు. పాతిక డిగ్రీలు దాటితే ఆకులో ఉన్న పురుగుగుడ్లు పొదుగుతాయి, సన్నటి చిల్లులు పడతాయి. ఆ పురుగు నాకు తెలుసు. గోధుమరంగులో, నువ్వుగింజంత. పొగాకే కాదు, పసుపుకొమ్ములూ పుస్తకాలూ కూడా తింటుంది. నాన్న దస్తావేజుల పెట్టెలో అదే పురుగు ఒకాయన ఉత్తరపు హద్దు మొత్తం తినేసింది.

వేడి తగలకూడదన్న మాట విని మావారు ఒక మధ్యాహ్నం డబ్బా మూత తీసి, సిగార్లని కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టేశారు. ఎండుచేపల పక్కన. ప్రేమతోనే, సందేహం లేదు. ఫ్రిజ్ ఆకులోని తేమంతా లాగేస్తుంది, చుట్టూ ఉన్న వాసనలన్నీ అంటిస్తుంది. సాయంత్రానికే చూశాను కాబట్టి బతికాయి. ఆ రాత్రి నేను మాట్లాడిన భాష కోర్టుభాష కాదు.

కార్తీకం వెళ్ళాక సాధన సిగార్ తీశాను. టోపీలా ఉండే మూసిన కొసని రెండు మిల్లీమీటర్లు మాత్రమే కోయాలి. కట్టర్ కొనలేదు. అడకత్తెర ఉంది కదా అనుకున్నాను. వక్కని కొరికేది ఆకుని కొరకదా? కొరికింది, నలిపేసింది. టోపీ ఊడి పైఆకు బొమ్మజెముడు తొక్కలా విప్పుకుపోయింది. ఎలాగో వేళ్ళతో పట్టుకుని వెలిగించాను. అది ఏకాదశి, పొద్దుట్నుంచీ తిన్నది ఒక అరటిపండు. పొగ మింగకూడదు, నోట్లోనే తిప్పి వదిలేయాలని తెలుసు. అయినా నాలుగోసారికి పెరటి కొబ్బరిచెట్టు నెమ్మదిగా నా వైపు వంగడం మొదలెట్టింది. మావారు బెల్లం ముక్క, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి ఏమీ అనకుండా లోపలికెళ్ళారు. అనకపోవడం అన్నిటికంటే కష్టం. అందుకని రెండు పాఠాలు: అడకత్తెర కాదు, కొత్త బ్లేడు. ఉపవాసం కాదు, కడుపునిండా భోజనం.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నానమ్మ అక్కయ్య ఊరుకోదు. ఆవిడ అంగిట్లో పుండుతో పోయింది. నిప్పు నోట్లో పెట్టుకున్న నలభై ఏళ్ళు ఎక్కడికి పోతాయి. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది అంగిళ్ళు పరీక్షించి 1971లో డాక్టర్లు పెద్ద వ్యాసం రాశారు, అడ్డపొగ కాల్చేవాళ్ళ అంగిటి మీద తెల్లమచ్చలు, పుళ్ళు, క్యాన్సరు గురించి. నానమ్మ అంగిలి కూడా సున్నం కొట్టినట్టుండేది. సిగార్ పొగ మింగకపోయినా నోటికి చేసేది చేస్తూనే ఉంటుంది. నేను జన్మకి ఒకటి అనుకున్నాను. సాధనది లెక్కలోకి రాదు.

సంక్రాంతికి చిన్నత్త వచ్చింది. నాన్న ఆఖరి చెల్లెలు, డెబ్భై ఆరేళ్ళు, పాతపట్నం అవతల పల్లె. మా కుటుంబంలో ఇంకా అడ్డపొగ కాల్చే ఆఖరి మనిషి. పండగనాడు పెద్దలకి పెట్టే దగ్గర నాన్నకి పంచె, నానమ్మకి చీర, గారెలు, బూరెలు, చేపలపులుసు పెట్టి, నేను రెండో మోంటెక్రిస్టో తెచ్చి నానమ్మ విస్తట్లో పెట్టాను. చిన్నత్త వంగి చూసింది.

"ఇదేటే?"

"దొర సుట్ట, అత్తా."

"ఉంగరం కూడా తొడిగీసారేటి దీనికి?" అంది. కాసేపు ఆలోచించి, తన రొంటినున్న చుట్ట ఒకటి తీసి పక్కన పెట్టింది. "అది మాయమ్మకి సప్పగుంటాది. ఇది కూడా ఉండనీ."

కనుమనాడు మాంసం భోజనాలయ్యాయి. పిల్లలు నదివైపు వెళ్ళారు. సాయంత్రం వీధరుగు మీద చాప వేసుకుని నేనూ చిన్నత్తా కూర్చున్నాం. బహిరంగ ప్రదేశంలో పొగతాగడం 2003 నాటి పొగాకు చట్టం నాలుగో సెక్షను కింద నేరం. వకీలయ్యాక మొదటి పండగే చట్టం మీరితే బాగుండదని ముందే ఆలోచించాను: అరుగు మా పట్టాలోది, నాన్న చదివిన దస్తావేజు ప్రకారం ఉత్తరపు హద్దు అరుగు దాటి మూడు మూరలు. బ్లేడుతో కొస కోశాను. అగ్గిపుల్ల గంధకం మండేదాకా ఆగి, ఆకుకి తగలనివ్వకుండా కొసని మంట మీద తిప్పాను, అప్పడం కాల్చినట్టు. అంచంతా ఎర్రబడ్డాక పీల్చాను.

తోలు, కోకో, మిరియాలు అని రాస్తుంటారు. నాకు అవేవీ తెలియలేదు. మొదట ఎండుగడ్డి. తర్వాత దోరగా వేగిన ధనియాలు. సగానికి వచ్చేసరికి నాన్న దస్తావేజుల పెట్టె తెరిచినప్పటి వాసన, చెక్కా పాతకాగితమూ కలిసి. దాన్ని సిగార్ తెలిసినవాళ్ళు ఏమంటారో తెలుసుకోదలచుకోలేదు. బూడిద రాలకుండా అంగుళం నిలబడింది. వీధిన పోతున్న ముగ్గురు నా వైపు చూశారు. ఒకావిడ చూసి చూడనట్టు పోయింది. ఇదే అరుగు మీద నలుగురు ముసలమ్మలు కాలిస్తే చూడని ఊరు.

పెద్దలకి పెట్టింది చివరికి మనమే తింటాం కదా. నానమ్మ విస్తట్లోది చిన్నత్తకిచ్చాను. ఆవిడ బ్లేడు వద్దంది. పళ్ళతో కొస కొరికి ఉమ్మేసింది, పొయ్యి దగ్గరికెళ్ళి నిప్పుకణిక పట్టుకొచ్చి అంటించింది, నాలుగు పీల్పులు మామూలుగా పీల్చి, టక్కున తిరగేసి నోట్లో పెట్టేసుకుంది. 42 గేజ్ అంటే దాదాపు పదిహేడు మిల్లీమీటర్లు, చుట్టకంటే లావు. ఆవిడ బుగ్గలు సర్దుకున్నాయి. మేం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఆవిడ మాట్లాడలేదు కాబట్టి.

"సప్పగుందా అత్తా?"

తల అడ్డంగా ఊపింది. తర్వాత వేళ్ళతో తీసి, "మాయమ్మ ఎంగిలిముక్క కాల్సింది. ఆరిపోయింది మళ్ళీ ఎలిగిస్తే ఏ సుట్టయినా సప్పబడిపోద్ది" అంది. ఏనాటిదో తీర్పు అలా తిరగబడింది, అప్పీలు లేకుండా.

అప్పుడే మావారు బయటికొచ్చి, ఊరికే ఉండలేక, ధర చెప్పారు.

చిన్నత్త నా వైపు చూసింది. ఆయన వైపు చూసింది. ఉమ్మితో వేలు తడిపి నిప్పుకొసని నొక్కేసింది. సిగార్‌ని నొక్కి ఆర్పకూడదు, దాచి మళ్ళీ వెలిగించకూడదు, అలా వదిలేస్తే అదే ఆరిపోతుందని కొట్లో కుర్రాడు నాకు రెండుసార్లు చెప్పాడు. అసలు ఆ సంగతి ఇప్పుడే ఆవిడ నోటితోనే చెప్పింది. అయినా సగం ముక్కని కాగితంలో చుట్టి రొంటిన దోపుకుంది. "రెండేల నాలుగొందలు ఒక్కపూటలో కాల్సీస్తారేటే? మతుందా?"

మర్నాడు పొద్దున్న పాతపట్నం ఆటో ఎక్కించాను. ఏడుగురు ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంది. "ఎల్లొస్తాను" అనలేదు, చేయి ఊపింది. ఆటో కదిలాక గమనించాను, ఎందుకనలేదో. పెదాలు గట్టిగా మూసి ఉన్నాయి, మధ్యలోంచి గోధుమరంగు ఉంగరం కాగితం కనిపిస్తోంది, ముక్కులోంచి సన్నగా పొగ. ఆటో ప్రజారవాణా వాహనం, నాలుగో సెక్షను దానికీ వర్తిస్తుంది. నేను లోపలికొచ్చేసి తలుపు వేసుకున్నాను.